పలకతో పని గడుస్తుందా?
ల్యాప్‌టాప్ స్థానంలో ట్యాబ్లెట్: ఒక చారిత్రక పరిశీలన

మస్కట్ విమానాశ్రయం దాటి నిజ్వా వైపు వెళ్ళే దారిలో, సీబ్ విలాయత్‌లో ఉన్న ప్రాంతం రుసైల్. ఒమాన్ దేశపు తొలి పారిశ్రామికవాడ 1983లో ఇక్కడే మొదలయింది. పక్కనే ఉన్న అల్ ఖోద్‌లో 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం తరగతులు ప్రారంభించింది. 2003లో నాలెడ్జ్ ఒయాసిస్ మస్కట్ అనే సాంకేతిక ప్రాంగణం రుసైల్‌లో ఏర్పడింది. ఈ విధంగా ఇరవై ఏళ్ళ వ్యవధిలో కర్మాగారం, విశ్వవిద్యాలయం, కంప్యూటర్ సంస్థ ఒకదానికొకటి కూతవేటు దూరంలోకి వచ్చాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలనుంచి వెళ్ళినవారు ఈ మూడు రకాల చోట్లా పనిచేస్తున్నారు.

ఇటువంటి చోట కంప్యూటర్ పని రెండు రూపాల్లో కనిపిస్తుంది. గిడ్డంగిలో సరుకు లెక్క చూసుకునే ఉద్యోగి నిలబడి, తిరుగుతూ, చేతిలోని ట్యాబ్లెట్‌ మీద గుర్తులు పెట్టుకుంటాడు. అదే సరుకుకు జమాఖర్చు రాసే ఉద్యోగి బల్ల దగ్గర కూర్చుని, ల్యాప్‌టాప్‌లో నాలుగు ఫైళ్ళు తెరిచి, ఒకదానిలోని అంకెను మరొకదానిలో సరిచూస్తాడు. పనిచోట ఎవరి పరికరం వారికి సంస్థే ఇస్తుంది కనుక అక్కడ చిక్కు లేదు. ఇంటికి ఒక్క పరికరమే కొనవలసి వచ్చినప్పుడు మాత్రం ప్రశ్న ఎదురవుతుంది. 2020 మార్చి 15నుంచి ఒమాన్‌లో బడులు మూతబడి, చదువు తెరమీదికి మారినప్పుడు ఆ ప్రశ్న చాలా కుటుంబాలకు ఒక్కసారే ఎదురయింది. ఉన్న ల్యాప్‌టాప్ పెద్దల ఉద్యోగానికి కావాలి. మరి పిల్లలకు ట్యాబ్లెట్ సరిపోతుందా? ఎక్కువ డబ్బు పెట్టి ఇంకో ల్యాప్‌టాప్ కొనాలా?

అంగడి ప్రకటనలు ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానం ఏడాదికొకసారి మారుతూ ఉంటుంది. దాని వెనక ఉన్న అరవై ఏళ్ళ చరిత్రను పరిశీలిస్తే కొంత స్థిరమైన సమాధానం దొరుకుతుంది. ఆ చరిత్రలో తిరుపతికీ, హైదరాబాదుకూ కూడా భాగముంది.

పలక, కవిలె

ట్యాబ్లెట్ అన్న మాటకు తెలుగులో పలక అన్నది సహజమైన అర్థం. పలక అంటే ఏమిటో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. మార్కాపురం రాతిపలకలు దేశంలో అనేక ప్రాంతాల బడిపిల్లల చేతుల్లోకి వెళ్ళాయి. పలకమీద బలపంతో రాసినదాన్ని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాస్తారు. అది నేర్చుకోవడానికీ, దిద్దుకోవడానికీ, ఒక లెక్క వేసి గురువుకు చూపడానికీ పనికివస్తుంది. రాసినది నిలవాలంటే మాత్రం వేరే సాధనం కావాలి. పూర్వం అది తాటాకు, గంటం. తరవాత కాగితం, కలం. గ్రామకరణం లెక్కలు కవిలెకట్టలో ఉండేవి. శిస్తు ఎంత, ఎవరి పేర ఎంత భూమి, ఏ ఏట ఎంత బకాయి అన్నవి ఆకు తిప్పి ఆకుతో పోల్చి చూడవలసిన విషయాలు. వాటిని పలకమీద పెట్టుకున్న కరణం ఉండడు.

పలక పోయి పుస్తకం వచ్చిందనడం సరికాదు. రెండూ చాలాకాలం పక్కపక్కనే ఉన్నాయి. ఒకటో తరగతి పిల్లవాడి సంచిలో పలక, పై తరగతి విద్యార్థి సంచిలో నోటుపుస్తకం. ఏది ఎవరి చేతిలో ఉండాలన్నది వారు చేసే పనినిబట్టి నిర్ణయమయ్యేది. కంప్యూటర్ యుగంలో వచ్చిన కొత్త పలక విషయంలో ఈ తేడా మరుగున పడింది. అందుకు కారణం లేకపోలేదు: కొత్త పలకా, కొత్త పుస్తకమూ ఒకే ఊహలోంచి పుట్టాయి.

ఒకే ఊహ, రెండు శాఖలు

ఆ ఊహ అలన్ కే అనే అమెరికన్ శాస్త్రవేత్తది. 1968 ప్రాంతంలో మొదలైన ఆలోచనను ఆయన జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయంలో ఉండగా 1972లో ఒక పత్రంగా రాశాడు. దానికి ఆయన పెట్టిన పేరు డైనాబుక్. నోటుపుస్తకమంత పరిమాణం, నాలుగు పౌండ్లకు మించని బరువు, సుమారు 500 డాలర్ల ధర. పిల్లలు దానిలో చదవాలి, రాయాలి, బొమ్మలు వేయాలి, స్వయంగా ప్రోగ్రాములు తయారుచేసి ఒకరితో ఒకరు పంచుకోవాలి. ఆ పత్రంలోనే ఆయన మరొక అవకాశాన్ని కూడా సూచించాడు: తెర పుస్తకమంతా పరుచుకుంటే, కావలసిన కీబోర్డును ఆ తెరమీదే, కావలసిన చోట చూపించవచ్చు. నేటి ట్యాబ్లెట్ వర్ణన అది.

ఆ ఊహను పూర్తిగా నిలబెట్టగల సాంకేతికత అప్పట్లో లేదు. అందుచేత అది రెండు శాఖలయింది. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ మూతలా మడిచే తెరతో, నేటి ల్యాప్‌టాప్‌కు రూపమిచ్చింది. ధర 8 వేల డాలర్లకు పైమాటే. అదే సంస్థ 1989లో గ్రిడ్‌ప్యాడ్ అనే, కీబోర్డు లేని, కలంతో తాకే పలకను తెచ్చింది. మొదటిది కార్యాలయపు బల్లకు వారసురాలు. రెండవది తనిఖీ ఉద్యోగి చేతిలో కాగితాలు బిగించుకునే అట్టకు వారసురాలు. రుసైల్ గిడ్డంగిలోనూ, దాని కార్యాలయపు గదిలోనూ ఈనాటికీ కనిపించే తేడా ఇదే.

2001 నవంబర్‌లో బిల్ గేట్స్ ఐదేళ్ళలో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యే కంప్యూటర్ రూపం ట్యాబ్లెటే అవుతుందని జోస్యం చెప్పాడు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ట్యాబ్లెట్ పీసీ విడుదలయింది, జోస్యం ఫలించలేదు. ఫలించినది 2010 ఏప్రిల్ 3న అమ్మకానికి వచ్చిన ఐప్యాడ్. 9.7 అంగుళాల తెర, 680 గ్రాముల బరువు, 499 డాలర్ల ధర. మొదటిరోజే 3 లక్షలు అమ్ముడయ్యాయి. ఆ ఏడాది జూన్‌లో స్టీవ్ జాబ్స్ కంప్యూటర్లను లారీలతో పోల్చాడు: పల్లెదేశంలో అందరికీ లారీలే ఉండేవి, పట్టణాలు పెరిగాక కార్లు వచ్చాయి, లారీలు ఉంటాయిగాని కొద్దిమందికే అవసరమవుతాయి అన్నది ఆయన మాటల సారాంశం.

బరువు, ధర చూస్తే ఐప్యాడ్ డైనాబుక్‌కు చాలా దగ్గర. కాని అలన్ కే దాన్ని తన ఊహకు ఫలితమని ఒప్పుకోలేదు. అదే ఏప్రిల్‌లో, స్క్రాచ్ భాషలో పిల్లలు తయారుచేసిన ప్రోగ్రాములను చూపించే అనువర్తనాన్ని ఆపిల్ తన అంగడినుంచి తొలగించింది. పిల్లలు తాము చేసినదాన్ని ఒకరికొకరు ఇచ్చుకోలేని యంత్రం తన దృష్టిలో అసంపూర్ణమని కే తరవాతి సంవత్సరాల్లో చెప్పాడు. ఈ ఆక్షేపణ బరువుకూ, వేగానికీ సంబంధించినది కాదు. పరికరం చేతిలో ఉన్న మనిషి దానితో ఏమి చేయడానికి అనుమతి ఉంది అన్నదానికి సంబంధించినది.

‘ల్యాప్‌టాప్ స్థానాన్ని తీసుకోగల ట్యాబ్లెట్’ అన్న మాట ప్రకటనగా వెలువడినది 2014 మే 20న, మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో 3 ఆవిష్కరణలో. అంతకుముందు 2012లో వచ్చిన సర్ఫేస్ ఆర్‌టీ పాత విండోస్ ప్రోగ్రాములను నడపలేకపోయింది. మరుసటి ఏడాది ఆ సంస్థ 90 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో చూపవలసి వచ్చింది. అందుకే ప్రో 3లో ల్యాప్‌టాప్‌లో నడిచే విండోస్‌నే పెట్టారు. అయితే దాని కీబోర్డును విడిగా కొనుక్కోవాలి. 2015లో వచ్చిన ఐప్యాడ్ ప్రోకూ అంతే: కీబోర్డు విడి, కలం విడి. 2020 మార్చిలో ఐప్యాడ్‌కు మౌసు, ట్రాక్‌ప్యాడ్ పూర్తిస్థాయిలో వచ్చి చేరాయి. పలక ల్యాప్‌టాప్‌ను తొలగించడానికి వేసిన ప్రతి అడుగూ దాన్ని ల్యాప్‌టాప్‌కు మరింత దగ్గర చేసింది, ధరను కూడా.

తిరుపతిలో ల్యాప్‌టాప్, హైదరాబాదులో పలక

సంపన్న దేశాల్లో ఇది వినియోగదారుడి ఎంపిక. భారతదేశంలో ఈ ప్రశ్నకు ప్రభుత్వం సమాధానం చెప్పవలసి వచ్చింది. 2005లో నికొలస్ నెగ్రొపాంటె 100 డాలర్ల ల్యాప్‌టాప్‌ను ప్రపంచంలోని పేద పిల్లలందరికీ అందిస్తానని ప్రకటించాడు. 2006లో భారత ప్రభుత్వం ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. దేశీయంగానే అంతకంటే చౌకగా చేయాలన్న ప్రయత్నం మొదలయింది. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ‘పది డాలర్ల ల్యాప్‌టాప్’గా పత్రికల్లో పేరుమోసిన సాక్షాత్ పరికరాన్ని ప్రదర్శించారు. చూడవచ్చినవారికి కనిపించినది తెరా, కీబోర్డూ లేని ఒక చిన్న పెట్టె. పాఠాలు నిల్వచేసుకునే సాధనం. దేశవిదేశాల పత్రికలు నిరాశను దాచుకోలేదు.

2010 జూలైలో కేంద్రమంత్రి కపిల్ సిబల్ 35 డాలర్ల నమూనాను చూపించినప్పుడు అది ల్యాప్‌టాప్ కాదు, పలక. 2011 అక్టోబర్ 5న అదే ఆకాశ్ పేరుతో విడుదలయింది. ఐఐటీ రాజస్థాన్ పర్యవేక్షణలో డేటావిండ్ సంస్థ రూపొందించగా, హైదరాబాదులో క్వాడ్ ఎలక్ట్రానిక్స్ సంస్థ దాన్ని కూర్చింది. ప్రభుత్వం కొన్న ధర 2,276 రూపాయలు. 7 అంగుళాల తెర; వేలితో గట్టిగా అదిమితేగాని పలకని రకం. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల జ్ఞాపకశక్తి, ఆండ్రాయిడ్ 2.2. ఆ ఆండ్రాయిడ్‌లో తెలుగు లిపిని చూపే ఏర్పాటు లేదు. హైదరాబాదులో తయారైన పలకమీద తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ గడులు కనిపించే స్థితి. 2012 నవంబర్‌లో ఐఐటీ బొంబాయి ఆధ్వర్యాన వచ్చిన ఆకాశ్ 2 వేగంలోనూ, తెర నాణ్యతలోనూ మెరుగుపడింది. అప్పటికే మొదటి ఉత్సాహం సన్నగిల్లింది.

ఆకాశ్‌ను అపహాస్యం చేయడం తేలిక. చౌకధర పరికరాల వైపు తయారీదారులను తిప్పడంలో దానికీ వాటా ఉంది. ఇక్కడ గమనించవలసినది వేరు. రెండున్నరేళ్ళలో లక్ష్యం ల్యాప్‌టాప్‌నుంచి పలకకు మారింది. విద్యార్థి చేయవలసిన పని మారినందువల్ల అది మారలేదు. 35 డాలర్లలో కీబోర్డు ఇమడనందువల్ల మారింది. ధర ముందు నిర్ణయమయింది, పని తరవాత దానికి సర్దుకోవలసి వచ్చింది.

తరగతిగదిలో తీర్పు

ఇదే క్రమం ఆంధ్రప్రదేశ్‌లో మరొకసారి కనిపిస్తుంది. 2021 జనవరి 11న నెల్లూరులో అమ్మఒడి రెండవ విడత సభలో, 9నుంచి 12వ తరగతి వరకు చదివేవారు మరుసటి ఏడాదినుంచి నగదుకు బదులు ల్యాప్‌టాప్ కోరుకోవచ్చని ముఖ్యమంత్రి ప్రకటించారు. 2022 డిసెంబర్ 21న పిల్లల చేతికి వచ్చినది ట్యాబ్. ఎనిమిదవ తరగతి విద్యార్థులకు 4,59,564, ఉపాధ్యాయులకు 59,176, మొత్తం 5,18,740 ట్యాబ్‌లు. 8.7 అంగుళాల తెర. ఇంటర్నెట్ లేకపోయినా చూడగలిగేటట్టు ముందే నింపిన బైజూస్ పాఠాలు. పాఠాలు తప్ప మరేదీ తెరవడానికి వీలులేకుండా ఏర్పాటుచేసిన తాళం. 2023 డిసెంబర్‌లో రెండవ విడత పంపిణీ జరిగింది.

ఈ తాళానికి సమర్థన ఉంది. పదమూడేళ్ళ పిల్లవాడి చేతికి నియంత్రణ లేని తెర ఇవ్వడానికి ఏ తల్లీ తండ్రీ సందేహించకుండా ఉండరు. ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్ళో బొమ్మలతో కదిలే విజ్ఞానశాస్త్ర పాఠం చూడగలగడం చిన్న లాభం కాదు. అయినా ఆ పలక చదివించే సాధనం మాత్రమే. దానిలో విద్యార్థి వ్యాసం రాయలేడు, పట్టిక వేయలేడు, ప్రోగ్రాము నేర్చుకోలేడు. పొరుగున తమిళనాడు 2011నుంచి ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. ఖర్చు ఎక్కువయినా, వాటిని పుచ్చుకున్నవాడు దానిలో ఏమి పెట్టుకోవాలో చాలావరకు తానే నిర్ణయించుకోగలిగాడు.

అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2002నుంచి ఏడవ తరగతి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇస్తూ వచ్చింది. తరవాత అక్కడి కొన్ని బడులు ఐప్యాడ్‌లకు మారాయి. 2016లో ఆబర్న్ పట్టణపు బడుల్లో అభిప్రాయం అడిగినప్పుడు ఉపాధ్యాయుల్లో 88.5 శాతం, 7నుంచి 12వ తరగతి విద్యార్థుల్లో 74 శాతం ల్యాప్‌టాప్‌నే కోరుకున్నారు. పై తరగతుల్లో ఐప్యాడ్ ఆటవస్తువుగా మారిందని ఉపాధ్యాయులు ఫిర్యాదు చేశారు. చిన్నతరగతుల ఉపాధ్యాయులు మాత్రం దాన్ని మెచ్చుకున్నారు. పలక చిన్నపిల్లలకు, నోటుపుస్తకం పెద్దపిల్లలకు అన్న పాత పద్ధతికే వాళ్ళు వేరే దారిన చేరారు.

తెలుగు రాసేవారి సంగతి

దైనందిన పనుల్లో తెలుగు రాయడం కూడా ఒకటయినవారికి ఈ చరిత్రలో మరొక పొర ఉంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాల చోటు దక్కింది. అయినా ఆ అక్షరాలు అన్ని యంత్రాలమీదా కుదురుగా కనిపించడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. ముందుగా కుదురుకున్నది బల్లమీది కంప్యూటర్‌లోనే. 2006లో వీవెన్ రూపొందించిన లేఖిని వంటి సాధనాలతో, ఇంగ్లీషు కీబోర్డుమీదే తెలుగు రాసే అలవాటు ప్రవాసులలో స్థిరపడింది.

స్పర్శతెర ఆ అలవాటును మార్చింది. తెరమీద కీబోర్డును ఏ లిపిలోకైనా మార్చవచ్చు కనుక, 1972లో కే ఊహించిన సౌలభ్యం తెలుగుకు నిజంగా ఉపకరించింది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటను విని రాసే సదుపాయాన్ని చేర్చడంతో, ఏ కీబోర్డూ రానివారు సైతం రాయగలిగారు. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులు గల్ఫ్‌లోని పిల్లలకు తెలుగులో సందేశం పంపగలుగుతున్నారంటే అది ఫోను, పలకల పుణ్యమే. కాని పుస్తకాన్ని అచ్చుకు సిద్ధం చేయడమన్నది వేరే పని. తెలుగు ప్రచురణరంగంలో ఎక్కువ భాగం చాలాకాలంగా అను ఖతులమీద, విండోస్‌లో నడిచే పుట అమరిక సాధనాలమీద ఆధారపడి ఉంది. ఆ ఫైళ్ళను తెరవాలన్నా, యూనికోడ్‌లోకి మార్చి తప్పులు దిద్దాలన్నా ల్యాప్‌టాప్ తప్పదు.

పలకమీద తెలుగు ఎంత సున్నితంగా నిలబడి ఉందో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. ‘జ్ఞా’ అన్న అక్షరాన్ని ఒక ప్రత్యేక క్రమంలో కూర్చి పంపితే ఐఫోన్లు, ఐప్యాడ్‌లు, మాక్‌లలో అనువర్తనాలు ఒక్కసారిగా కూలిపోయాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. ‘జ్ఞానం’లోని మొదటి అక్షరమే ఆ పని చేయడం యాదృచ్ఛికమయినా, తెలుగువారు దాన్ని మరిచిపోలేదు. ఈ లోపం పలకకూ ల్యాప్‌టాప్‌కూ సమానంగానే వచ్చింది కనుక, భాష విషయంలో యంత్రం రూపంకంటే దాని లోపలి అమరికే ముఖ్యమని ఇది గుర్తుచేస్తుంది.

చేయి, మెడ, కన్ను

నిలబడి చేసే పనిలో పలక గెలిచిందనడానికి వైద్యరంగం మంచి ఉదాహరణ. 2010 నవంబర్‌లో షికాగో విశ్వవిద్యాలయం తన అంతర్గతవైద్య విభాగంలోని రెసిడెంట్ వైద్యులందరికీ ఐప్యాడ్‌లు ఇచ్చింది. 115 మంది వైద్యుల అనుభవాన్ని 2012లో ప్రచురించారు. రోగి మంచం దగ్గరే పరీక్షలకు, మందులకు ఆదేశాలు నమోదు చేయగలగడంతో అవి ముందుకంటే త్వరగా వెళ్ళాయి. తమ సమయం ఆదా అయిందని వైద్యుల్లో అత్యధికులు చెప్పారు. వార్డులో వైద్యుడి పని చాలావరకు చూడడం, గుర్తించడం, ఒక పెట్టెలో టిక్కు పెట్టడం. అదే వైద్యుడు రోగి ఆస్పత్రి వదిలేటప్పుడు ఇచ్చే సారాంశపత్రం రాయవలసి వచ్చినప్పుడు కీబోర్డున్న యంత్రాన్ని వెతుక్కుంటాడు. పని చేసే మనిషి ఒకడే. పని మారినప్పుడు పరికరం మారుతుంది.

శరీరం కూడా తన లెక్క తాను వేసుకుంటుంది. హార్వర్డ్ ప్రజారోగ్య విభాగం పరిశోధకులు 2012లో ప్రచురించిన పరిశీలనలో, ఒళ్ళోనో బల్లమీదో వాలుగా పెట్టుకుని ట్యాబ్లెట్ వాడేవారి మెడ కంప్యూటర్ వాడేవారి మెడకంటే ఎక్కువగా వంగుతున్నట్టు తేలింది. ట్యాబ్లెట్‌ను బల్లమీద నిటారుగా నిలబెట్టినప్పుడు మాత్రమే మెడ సహజస్థితికి దగ్గరగా వచ్చింది. 2014లో కెనెత్ హన్స్‌రాజ్ అనే శస్త్రవైద్యుడు వేసిన లెక్క ప్రకారం, నిటారుగా ఉన్నప్పుడు సుమారు 5 కిలోలుండే తల భారం, 60 డిగ్రీలు వంగితే మెడమీద సుమారు 27 కిలోలతో సమానమవుతుంది. ల్యాప్‌టాప్ కూడా నిర్దోషి కాదు. తెరా కీబోర్డూ అతుక్కుని ఉండటంచేత ఒకటి సరైన ఎత్తులో ఉంటే మరొకటి ఉండదు. అరగంట చదవడానికి ఇవన్నీ పట్టించుకోనవసరం లేదు. రోజూ ఆరేడు గంటలు రాసేవారు ఏ పరికరం కొన్నా విడి కీబోర్డు, తెరకు ఎత్తు ఇచ్చే ఆధారం కొనుక్కోవలసిందే. అప్పుడు పలక ధర ల్యాప్‌టాప్ ధరకు చేరువవుతుంది.

ఎవరు నిర్ణయించాలి?

ఈ చరిత్రనుంచి తేలేది రెండు విషయాలు. మొదటిది, చదవడం, చూడడం, మాట్లాడడం, సంతకం పెట్టడం, ఫారం నింపడం, బొమ్మ గీయడం వంటి పనుల్లో పలక ల్యాప్‌టాప్ స్థానాన్ని ఎప్పుడో ఆక్రమించింది. చాలాచోట్ల దాన్ని మించిపోయింది. వారమంతా చేసే పని ఇదే అయినవారికి ల్యాప్‌టాప్ అనవసరపు ఖర్చు. రెండవది, కవిలెకట్ట స్వభావమున్న పనులు, అంటే రెండు మూడు పత్రాలు పక్కపక్కన పెట్టుకుని పోల్చడం, పెద్ద పట్టికలు, సుదీర్ఘమైన రచన, ప్రోగ్రాములు, సంస్థకు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్, పాత ఫైళ్ళు ఉన్నచోట పలక ఇంకా అతిథిలాగానే మిగిలింది. ఆ సరిహద్దు ఏటేటా జరుగుతోంది. 2025లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 26లో కిటికీలను ఇష్టమొచ్చిన పరిమాణానికి మార్చుకునే వీలు, పైన మెనూపట్టీ చేరడం ఆ జరుగుబాటులో భాగమే.

కనుక కొనేవారు యంత్రాల గుణగణాల పట్టిక చూసేముందు తమ ఒక వారపు పనిని కాగితంమీద రాసుకోవడం మేలు. ఎన్నిసార్లు రెండు పత్రాలు పక్కపక్కన తెరవవలసి వచ్చింది, ఎన్నిసార్లు ఒక పుటకు మించి రాయవలసి వచ్చింది, పనిచోటి ప్రోగ్రాము పలకమీద నడుస్తుందా, ఫైలు చివరికి ఎక్కడ భద్రమవుతుంది అన్న ఈ నాలుగింటికీ జవాబు దొరికితే చాలావరకు నిర్ణయం దానంతటదే తేలుతుంది. రుసైల్ గిడ్డంగి ఉద్యోగికీ, అక్కడి జమాఖర్చుల ఉద్యోగికీ ఈ జవాబులు వేరువేరుగా వస్తాయి. ఇద్దరి నిర్ణయమూ సరైనదే అవుతుంది.

తన కోసం తాను తీసుకునే నిర్ణయం తప్పినా దిద్దుకోవచ్చు. ఇతరుల కోసం తీసుకునే నిర్ణయం అటువంటిది కాదు. తిరుపతి పెట్టె, ఆకాశ్, తాళం వేసిన ట్యాబ్‌లు వరసగా చెప్పేది ఇదే: ధరను బట్టి పరికరాన్ని ఎంచినప్పుడు, పుచ్చుకునేవాడు చదివేవాడుగా మాత్రమే ఉండాలని కూడా తెలియకుండానే నిర్ణయించినట్టవుతుంది. గిడ్డంగిలో గుర్తులు పెట్టే తండ్రి తన కూతురు లెక్కలు రాసే కుర్చీలోనో, ప్రోగ్రాములు రాసే కుర్చీలోనో కూర్చోవాలని కోరుకుంటాడు. ఎనిమిదవ తరగతిలో ఆమె చేతికి పలక వస్తే సంతోషించవలసిందే. పదవ తరగతి దాటేసరికి ఆమెకు నోటుపుస్తకం కూడా అందాలి.